చెప్పకపోతే కాదనుకున్నది

శ్రావణ సోమవారం కాబట్టి త్రివేణి ఒక్కపొద్దు ఉన్నది. ఇంట్లో దీపం పెట్టుకుని, మహబూబ్‌నగర్ బస్టాండు వెనక బట్టల దుకాణం మీదున్న తమ చిన్న ఆఫీసుకు వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని చున్నీ మీది వాన చినుకులు దులుపుకుంటుండగా ఊరి నుంచి తల్లి బక్కమ్మ ఫోన్ చేసింది.

"తిన్నవా బిడ్డా? అయ్యో నా మతి పాడుగాను, ఇయ్యాల ఒక్కపొద్దు గద."

"నాయిన ఎట్లున్నడమ్మా?"

"ఆయనకేం, అడవిల మంద కాడ రాజు తీరు ఉన్నడు. నిన్న మాపటికి మన్ననూరు దాక దిగొచ్చి ఫోన్ చేసిండు. అమ్రాబాద్ మీద ముసురు ఇడుస్తలేదంట. నట్టల మందు మొదలువెట్టిండంట. ముసురుకు జాజుబొట్టు నిలుస్తలేదని సగంల ఆపిండంట, తెరిపిస్తె మిగిలినయాటికి తాపుతడంట. నా బిడ్డ చేసిన ఫోను ఎంత చెప్తె అంత తాపుతున్న, ఇగ ఒకన్ని అడిగే పనిలేదు అని ఒకటే గొప్పలు."

త్రివేణికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే ఒక మాట అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు. దేవుడే అడిగించాడని తర్వాత అనుకున్నది.

"ఆ ఫోను గొర్రె బరువు అడిగినంక సూడిదా కాదా అని అడుగుతది గదమ్మా. అక్కడ నాయిన ఏం ఒత్తుతుండు?"

బక్కమ్మ గొంతు ఒక్కసారి తగ్గిపోయింది. "ఏం మాటలే అవి పొద్దుపొద్దున్నే! పొట్టేలును కలిపినంక ఆ మాట ఎవలన్న అంటరా? ఆయన ఏం ఒత్తడు. పక్కకు బాణం గుర్తు ఉంటది గద, అది ఒత్తి దాటేస్తడు. అయినా మందు లెక్క మంచిగనే చెప్తున్నదంట."

"చెప్తది" అన్నది త్రివేణి. చెయ్యి అప్పటికే తెర మీద ఆ యాప్ రాతను తెరుస్తున్నది. "చెప్తది అమ్మా."

వాళ్లు గొర్రెలు కాచే కురుమలు. గొర్రె సూడి నిలిచిన సంగతి, అంటే కడుపుతో ఉన్న సంగతి, ఆ ఇంట్లో అందరికీ తెలుస్తుంది గానీ, ఈనేదాకా ఎవరూ నోటితో అనరు. అంటే దిష్టి తాకుతుందని, పిల్ల నిలవదని భయం. బయటివాళ్లు అడిగితే కులదేవుడి పేరు చెప్పి "బీరప్ప దయ" అని ఊరుకుంటారు. త్రివేణి ఆ గొర్రెల మధ్యనే పెరిగింది. ఆ మాట అనొద్దని చిన్నప్పుడు నాయిన చేత దెబ్బ కూడా తిన్నది. అలాంటి పిల్ల, కంప్యూటర్ ముందు కూర్చునేసరికి ఆ సంగతే మరిచిపోయి, సూడిదా కాదా అని గొర్ల కాపరులనే అడిగింది. జవాబు చెప్పడం ఇష్టం లేనివాళ్లకు ఒక బాణం గుర్తు పెట్టింది.

అసలు భయం ఆ బాణం వెనక ఉన్నది.

కాపరుల ఫోన్ల కోసం ఆమె చేసిన ఆ యాప్‌లో, నట్టలు, అంటే కడుపులో పురుగులు, పోవడానికి గొర్రెకు మందు ఎంత తాపాలో లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం ముక్క ఒకటి ఉన్నది. త్రివేణి దానికి ‘మోతాదు’ అని పేరు పెట్టుకున్నది. దానికి బరువు ఇవ్వాలి, సూడి సంగతి చెప్పాలి. సూడిదని చెబితే "ఈ మందు వద్దు" అంటుంది. కాదని చెబితే లెక్క ఇస్తుంది. మరి ఏమీ చెప్పకపోతే? ఎండాకాలంలో ఆమె ఆ ముక్క రాస్తున్నప్పుడు అక్కడే ఆగింది. దారులు రెండున్నాయి. ఒకటి డిఫాల్ట్ పారామీటర్: సూడి అన్నదాని పక్కనే ‘= కాదు’ అని రాసి పెట్టడం. ఎవరూ ఏమీ చెప్పకపోతే అది తనంతట తానే ‘కాదు’ అనుకుని ముందుకు పోతుంది. రెండోది మెథడ్ ఓవర్‌లోడింగ్: ‘మోతాదు’ అనే పేరుతోనే రెండు ముక్కలు విడివిడిగా రాయడం. బరువు ఒక్కటే వస్తే ఒకటి పని చేస్తుంది, బరువుతో పాటు సూడి సంగతి కూడా వస్తే రెండోది పని చేస్తుంది.

ఆ రోజు ఆఫీసు యజమాని అమరేందర్ ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. "ఒక్క పేరుతోని రెండు రాస్తవా త్రివేణీ? రేపు డాక్టరమ్మ లెక్క మార్చమంటది. ఒకదాంట్ల మార్చి ఇంకొకదాంట్ల మరిచిపోతవ్. కాదు అని పెట్టు, ఖతం."

అది తప్పు సలహా కాదు. చాలా చోట్ల అదే మంచి సలహా. త్రివేణికి కూడా ఆ పొట్టి వాక్యం ముచ్చటగా కనిపించింది. పెట్టేసింది.

ఇప్పుడు తెర మీద ఆ రెండక్షరాలే చూస్తూ, లెక్కలు చెప్పిన పశువుల డాక్టరమ్మ నిర్మలమ్మకు ఫోన్ కలిపింది.

"కొత్తగ సూడి నిలిచినయా?" నిర్మలమ్మ గొంతు మారింది. "అదే చెడ్డ టైం. కడుపుల పిల్లకు కాళ్లు, వెన్ను కట్టే రోజులవి. ఈ మందు పడితే వంకరపోవచ్చు, జారిపోనూ వచ్చు."

"ఇప్పటికే తాపినయి ఉంటే మేడం?"

"తాపినయాటికి ఇప్పుడు చేసేదేం లేదమ్మా. అన్నిటికీ ఆపద వస్తదని నేను అన. రాదని కూడా అన. మిగిలినయాటికి తాపకుండ ఆపు."

అప్పుడే లోపలికి వచ్చిన అమరేందర్‌కు ఆమె సంగతంతా చెప్పింది. అతని ముఖం కూడా పాలిపోయింది. కానీ అతను ఏ పనికైనా తొందరగా తోవ వెతికే మనిషి.

"అయితే కాదు తీసి అవును పెట్టు. చెప్పకపోతే సూడిదే అనుకుంటది. ఎవరికీ నష్టం లేదు."

"అప్పుడు ఏ గొర్రెకూ మందు చెప్పదు సార్. నట్టలతోని చచ్చేటియి చస్తయి. కాదు అయినా, అవును అయినా, చెప్పనోళ్ల నోట్ల మనం మాట పెట్టుడే గద."

"మరేం చేద్దామంటవ్?"

"చెప్పకపోవుడు వేరే సంగతి సార్. దానికి వేరే జవాబు రాయాలె. రెండు ముక్కలు రాసి ఉంటే, ఒట్టి బరువు ఒక్కటే వచ్చినప్పుడు ఏం చేయాల్నో దాంట్ల వేరేగ రాసుకునేదాన్ని. ‘నాకు తెల్వదు, ఈ మందు తాపకు, అడుగు’ అనే ఒక్క మాట రాస్తే అయిపోయేది."

"సరే, రాయి. ఇప్పుడే పంపిద్దాం."

"ఎక్కడికి పంపుతరు? మా నాయిన ఫోన్ల ఉన్నది పాతది. అక్కడ సిగ్నల్ లేదు. ఇక్కడ నేను ఎంత దిద్దినా అక్కడ అది కాదు అనుకుంటనే ఉంటది."

ఆ మాట అంటూనే ఆమె ఫోన్ అందుకున్నది. యాప్ తీసుకున్నవాళ్లంతా వాళ్ల ఊరి కురుమలే. ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ఎవరూ ఇంకా మందు కొనలేదు. తాపొద్దని చెప్పి ఒట్టు వేయించుకున్నది. దొరకనిది నాయిన ఒక్కడే. ఎన్నిసార్లు చేసినా, మీరు పిలిచే వినియోగదారుడు అందుబాటులో లేడని ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా చెబుతున్నది.

ఆమె పెనిమిటి నాగేందర్ మేనమామ కొడుకే. బస్టాండు దగ్గరే బండ్లు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. చేతుల మసి గుడ్డకు తుడుచుకుంటూ విన్నాడు. ఏమీ అడగకుండా బండి తీశాడు.

అచ్చంపేట దాటేదాకా వాన సన్నగా పడుతూనే ఉన్నది. త్రివేణి లాప్‌టాప్ సంచిని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ఆకాశం వంక చూస్తూ కూర్చున్నది. ముసురున్నంతసేపు నాయిన సీసా ముట్టడు. తడి గొర్రె చేతిలో నిలవదు, తాపిన గుర్తుకు నుదుట పెట్టే ఎర్రజాజు కారిపోతుంది. పాలమూరులో పుట్టిన మనిషి ఎవరైనా వాన రావాలనే మొక్కుతారు, ఆమె కూడా మొక్కింది. కాకపోతే పంట కోసం కాదు. బీరప్పా, ఇంకొంచెంసేపు, మేం చేరేదాక.

"ఏమన్న మాట్లాడు త్రివేణీ" అన్నాడు నాగేందర్. "నువ్వు గట్ల సప్పుడు చేయకుంటే నాకే భయమైతాంది. అసలు గా డిఫాల్టు ఏంది?"

"నువ్వు హోటల్‌కు పోయి చాయ్ అంటే ఏమిస్తడు బావా?"

"చాయ్ ఇస్తడు."

"చక్కెర ఏసి ఇస్తడా, ఏయకుండనా?"

"ఏసే ఇస్తడు. అడుగుతడా వాడు?"

"అదే డిఫాల్టు. అడుగడు, ఏస్తడు. నువ్వు చెప్పలేదంటే నీకు కావాలనే అనుకుంటడు."

"షుగరున్నోడు తాగితే?"

త్రివేణి ఒళ్లోని సంచిని ఇంకా దగ్గరికి లాక్కున్నది. నాగేందర్‌కు తన మాట తనకే తగిలినట్టయింది. కొంతదూరం పోయాక మెల్లగా అడిగాడు, "మరి ఇంకోటి?"

"నాయిన గొర్లను హేయ్ అని పిలుస్తడు చూడు. ఒట్టిగ హేయ్ అంటే నిలవడుతయి. కర్ర లేపి హేయ్ అంటే మర్లుతయి. పిలుపు ఒకటే. దానెంబడి కర్ర ఉన్నదా లేదా చూసుకుని అవి వేరే వేరే పని చేస్తయి. కర్ర లేకపోతే ఉన్నట్టు అనుకోవు."

"గొర్రెకున్న తెలివి నీ కంప్యూటర్‌కు లేకపాయె."

"కంప్యూటర్‌కు కాదు బావా. నాకే."

అతను వెనక్కి చెయ్యి చాపి ఆమె మోకాలు మీద ఒకసారి తట్టాడు.

ఘాటు రోడ్డు ఎక్కుతుండగా చెట్ల పైన తెల్లగా వెలుతురు విచ్చింది. ముందు తారురోడ్డు మీద ఒక ఎండ మరక కనిపించింది. ఇంకొంత దూరంలో మరొకటి. ఎండను చూసి గుండె ఝల్లుమనడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. దేవుడు మొక్కు వినలేదా? లేక మొక్కులోనే ఏదో చెప్పకుండా వదిలేసిందా? మనిషి నోరు తెరవకపోయినా మనసు దేవుడికి తెలుస్తుందంటారు. అది ఆమె నమ్మింది, ఇప్పటికీ నమ్ముతుంది. నాయిన కూడా ఆ నమ్మకంతోనే నోరు మూసుకుని బాణం ఒత్తాడు. దేవుడి ముందు ఉన్నట్టే ఫోను ముందు కూడా ఉన్నాడు, అంతే. అది ఆయన తప్పెట్లవుతుంది?

"జర తొందరగ, బావా."

అమ్రాబాద్ దాటి, అడవి అంచున బీడుపడ్డ ఒక చెల్కలో మంద కనిపించింది. ముండ్లకంప చుట్టూ పేర్చిన దొడ్డి. ఎండకు గొర్రెల వీపుల మీద నుంచి ఆవిరి లేస్తున్నది. నాయిన గుర్వయ్య గొంగడి కంప మీద ఆరేసి, ఒక గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దాని దవడ పైకెత్తి పట్టుకున్నాడు. కుడిచేతిలో సీసా.

"నాయినా! తాపకు!"

ఆ అరుపుకు మందంతా ఒక్కసారి బెదిరింది. గొర్రె ఆయన మోకాళ్లలోంచి జారి గుంపులో కలిసిపోయింది. గుర్వయ్య సీసా పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఆయన ముఖం నల్లబడింది.

"ఎవలికేమైంది? మీ అమ్మ..."

"అమ్మ మంచిగున్నది మామా" అన్నాడు నాగేందర్ పరుగెత్తుకొచ్చి. "అందరం మంచిగున్నం."

"మరి గట్ల ఒర్లుతదేంది పోరి! నా పానం పోయె గద!"

త్రివేణి దొడ్డి అంచుకు వచ్చి నిలబడింది. కండ్లు మాత్రం మంద మీదనే ఉన్నాయి. కొన్నిటి నుదుట ఎర్రగా జాజుబొట్లు. కొన్ని నిన్నటివి, వానకు కారి ముక్కు దాకా దిగినవి. కొన్ని ఇంకా పచ్చిగా మెరుస్తున్నవి.

ఆమె చెప్పింది. మందు వేటికి పడదో, ఎందుకు పడదో చెప్పింది. ఆ మాట పలకకుండానే చెప్పింది. గుర్వయ్య విన్నాడు. రొమ్ము జేబులోంచి ఫోన్ తీసి, తిప్పి తిప్పి చూశాడు.

"నేను దీనికి ఏం చెప్పలే గద బిడ్డా."

"నువ్వు చెప్పలేదు నాయినా. అదే కాదనుకున్నది."

"నేను అననిది అదెట్ల అనుకుంటది?"

"అనుకొమ్మని నేనే రాసిన."

ఆయన ఆ మాటకు కోపగించలేదు. కోపగించి ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది. సీసాకు బిరడా పెట్టి గడ్డిలో ఆనించాడు, అంతే.

"నాయినా, ఇప్పుడు ఏవి ఏవో నాకు తెలియాలె. తాపినయాట్ల ఎన్ని..."

"అడుగకు." గుర్వయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "నన్ను ఆ మాట అననియ్యకు బిడ్డా. ఇప్పుడు అసలే అననియ్యకు. ఇప్పుడంటే ఉన్నయి కూడ పోతయి."

చదువుకున్నది కాబట్టి వాదించవచ్చు. దిష్టి లేదు, మందే ఉన్నది అనవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన అడ్డం పెట్టిన చెయ్యి ఇంకా దించలేదు. ఆయన భయం అబద్ధం, తన భయం నిజం అని ఎవరు చెప్పాలి? ఇద్దరి భయమూ కడుపులో ఉన్న ఆ పిల్లల గురించే.

ఆమె దొడ్డి చుట్టూ తిరిగి, కంపను ఒక పక్క లాగి సందు చేసింది. ముండ్లు గుచ్చుకున్నాయి. తర్వాత రెండో పక్కకు పోయి ఇంకొక సందు చేసింది. నాగేందర్‌కు అర్థమై అతనూ ఒక చెయ్యి వేశాడు.

"నువ్వు ఏం చెప్పకు నాయినా. నేను అడుగ. ఈ మందు తాపేటియి ఇటు సందులకెళ్లి పంపు. తాపొద్దన్నయి అటు పంపు. నీకు ఎరుక లేనియి నడుమనే ఉంచు. వాటిని కూడ ముట్టం."

గుర్వయ్య ఆ రెండు సందుల వంక చూశాడు. తర్వాత కర్ర అందుకున్నాడు.

హేయ్ అన్నాడు. మంద నిలిచింది. కర్ర లేపాడు. గొర్రెలు కదిలాయి. ఆయన కర్ర కొనతో ఒక్కొక్కదాని డొక్క తాకుతూ ఇటో అటో మళ్లిస్తున్నాడు. నోరు తెరవడం లేదు. కుడివైపు సందులోంచి బోసి నుదుళ్లు, ఎర్ర నుదుళ్లు కలిసిపోయి పోతున్నాయి. త్రివేణి వాటిని చూడలేదు. తాపకూడనివి పోయే ఎడమ సందు పక్కనే నిలబడి, తన ముందు నుంచి పోయే నుదుళ్లు చూస్తున్నది. బోసిది. బోసిది. మళ్లీ బోసిది. ఆమెకు కొంచెం ఊపిరి ఆడింది. అప్పుడే ఒక ఎర్రబొట్టు ఆమె మోకాలికి రాసుకుంటూ పోయింది. దాని వెనకనే ఇంకొకటి. ఆ వెనక, కారిపోయిన బొట్టుతో, చెవులు వేలాడే తెల్లమూతిది వచ్చింది. తల్లి చచ్చిపోతే త్రివేణి పాలసీసా పట్టి పెంచిన గొర్రె అది. పెండ్లయి పోయేదాకా ఆమె వెంట తిరిగింది. అది ఆమెను వాసన చూసి ఒక క్షణం ఆగింది. గుర్వయ్య కర్ర కూడా ఆగింది. తర్వాత మెల్లగా దాన్ని ఎడమకే తోశాడు.

తక్కినవి, వాటిలో ఇంకొన్ని ఎర్రబొట్లు కూడా, పోయాక ఆయన వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఎడమ పక్క గొర్రెల్లో ఎర్రబొట్లు ఆయనకూ కనబడుతూనే ఉన్నాయి.

"ఏమైతది బిడ్డా?" అన్నాడు.

"ఏం కాదు నాయినా" అనే మాట దానంతట అదే వచ్చి ఆమె పెదవుల మీద నిలిచింది. పెద్దవాళ్లు అడిగితే, రోగులు అడిగితే, పసిపిల్లలు అడిగితే మనం అందరం అనే మాట అది. ఏమీ తెలియనప్పుడు ఖాళీలో పెట్టే మాట.

"తెల్వదు నాయినా" అన్నది త్రివేణి.

ఆయన తలూపాడు. నడుముకు కట్టుకున్న చిన్న సంచిలోంచి చిటికెడు బీరప్ప బండారు తీసి, ఎడమ పక్కకు పోయి, ఎర్రబొట్టు ఉన్న ఒక్కొక్కదాని నుదుట ఆ ఎరుపు మీదనే పసుపు రాశాడు. త్రివేణి చెప్పులు విడిచి, కంప ఇవతల నుంచే చేతులు జోడించింది.

పొద్దు వాలకముందే, బండరాయి మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆ ‘= కాదు’ను చెరిపేసింది. ‘మోతాదు’ను రెండుగా రాసింది. ఒట్టి బరువే వస్తే అది లెక్క చెప్పదు. "ఈ గొర్రె సంగతి మీరు చెప్పలేదు. చెప్పనక్కరలేదు. ఈ మందు తాపకండి, సూడివైనా కాకపోయినా పడే వేరే మందు డాక్టరమ్మ ఇస్తుంది" అంటుంది. నాయిన ఫోన్‌కు వైరు పెట్టి అక్కడే ఎక్కించింది. గుర్వయ్య బాణం ఒత్తి విన్నాడు. రెండోసారి కూడా విన్నాడు. ఫోన్‌ను మళ్లీ రొమ్ము జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత బతుకమ్మ పోయింది, దీపావళి పోయింది. ఆఫీసులో అందరూ ఆ సంగతి మరిచిపోయారు. అమరేందర్ మాత్రం ఎవరు కొత్తగా ‘=’ పెట్టినా, "చెప్పకుంటే ఏమైతదో అది ముందు చెప్పు" అని అడగడం మొదలుపెట్టాడు. త్రివేణి ప్రతి సోమవారం దీపం పెడుతూనే ఉన్నది. మంద ఊరికి దిగివచ్చింది. తల్లి రోజూ ఫోన్ చేసేది, కూర సంగతి, కాళ్ల నొప్పుల సంగతి మాట్లాడేది. గొర్రెల సంగతి తల్లి చెప్పేది కాదు, ఈమె అడిగేది కాదు.

కార్తీకం చివర ఈనడం మొదలైంది. ఎర్రబొట్టువాటిలో మొదటిది ఈనిందని, పిల్ల లేచి పాలు తాగిందని బక్కమ్మ చెప్పినప్పుడు త్రివేణి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. రెండోది కూడా మంచిగానే ఈనింది. మూడోదాని పిల్ల పుట్టుకతోనే చచ్చిపోయింది. మందు వల్లనేనా అంటే నిర్మలమ్మ చెప్పలేనన్నది. అట్లాంటిది ఏటేటా ఒకటీ అరా అవుతూనే ఉంటుందని గుర్వయ్య అన్నాడట. అది ఆమె కోసం అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియదు.

ఇవాళ పొద్దున ఆమె వాకిట్లో చెంబుతో నీళ్లు చల్లుతుండగా ఫోన్ మోగింది.

"తెల్లమూతిది ఈనిందే" అన్నది బక్కమ్మ.

త్రివేణి చెంబు కింద పెట్టింది. "పిల్ల లేచిందా అమ్మా?"

అవతల మాట లేదు. దొడ్లో గొర్రెల సప్పుడు వస్తున్నది. నాయిన ఎవరినో అదిలిస్తున్నాడు. ఆమె ఆ మౌనంలో అవునని గానీ కాదని గానీ అనుకోకుండా, తడి చేత్తో ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, తల్లి చెప్పేదాకా నిలబడింది.